ఆటా గాయమూ – 5: ఫైలులో పడి ఉన్న ఉత్తరం

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి కదలాలంటే ముందు ఒక మనిషి వంగాలి. అతన్ని సెంటర్ అంటారు. నేలమీది బంతిని పట్టుకుని, కాళ్ళ సందులోంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్ చేతికి అందిస్తాడు. అందించీ అందించకముందే ఎదుటి వరసలోంచి 110, 120 కిలోల మనిషి అతని మీదికి దూకుతాడు. ఆ క్షణానికి సెంటర్ చేతులింకా బంతి దగ్గరే ఉంటాయి. కాబట్టి ఎదురు వెళ్ళేది తలే. ఒక మ్యాచ్‌లో ఇది అరవై డెబ్బై సార్లు జరుగుతుంది. సాధనలో ఎన్నిసార్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

బంతి ఎటు పోయిందా అని చూసే ప్రేక్షకుడి కళ్ళు సెంటర్ మీద నిలవవు. టీవీ కెమెరా కూడా నిలవదు. ఈ భాగమంతా అలా ఎవరి కంటా పడని ఒక సెంటర్ గురించి, అతని తలలో ఎవరి కంటా పడకుండా జరిగినదాని గురించి.

ఇంతవరకూ మనం చెప్పుకున్న గాయాలు మైదానంలో అందరి ఎదుటా తగిలినవి. 1905లో కాలేజీ, స్కూలు మైదానాల్లో 18 మంది దాకా కుర్రాళ్ళు చనిపోయారు. ఆ ఏడాదే ప్రెసిడెంట్ థియొడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల శిక్షకులను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. మరుసటి ఏడాది నియమాలు మారాయి. 1943లో వృత్తి ఆటగాళ్ళ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ హెల్మెట్ తప్పనిసరి చేసింది. 1978 ఆగస్టులో ఓక్లండ్‌లో ఓ సన్నాహక మ్యాచ్‌లో జాక్ టేటమ్ ఢీకొట్టిన దెబ్బకు డారిల్ స్టింగ్లీ మెడ విరిగి, మళ్ళీ లేచి నడవలేదు. ఆ దెబ్బ దేశమంతా చూసింది. కంటికి కనబడ్డ గాయానికి ఏదో ఒక జవాబు, ఆలస్యంగానైనా వస్తూ వచ్చింది.

హెల్మెట్ గురించి ఒక్క మాట. అది చేయవలసిన పని చేసింది, పుర్రె పగలడం తగ్గింది. కానీ మెదడు పుర్రెకు అతికించి ఉండదు. ద్రవంలో తేలుతూ ఉంటుంది. ఎండిన కురిడీకాయను చెవి దగ్గర ఊపి చూడండి, పెంకు చెక్కుచెదరదు, లోపలి కురిడీ మాత్రం గోడకు కొట్టుకుంటుంది. మెదడు అంత వదులుగా ఉండకపోయినా సూత్రం అదే. తల ఠక్కున ఆగినప్పుడు, లేదా గిర్రున తిరిగినప్పుడు, లోపలి మెత్తటి పదార్థం సాగుతుంది, మెలిపడుతుంది. పైన ఎంత గట్టి డొప్ప పెట్టినా దాన్ని పూర్తిగా ఆపలేం. పైగా తలకు రక్షణ ఉందన్న ధైర్యంతో ఆటగాళ్ళు తలనే ఆయుధం చేసుకున్నారు.

మైక్ వెబ్‌స్టర్ 1952లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని టోమహాక్‌లో పుట్టాడు. బంగాళాదుంపలు పండించే కుటుంబం. 1974లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని ఐదో రౌండులో ఎంచుకుంది. అంటే అప్పట్లో పెద్దగా ఆశలు పెట్టుకున్న ఆటగాడేం కాదు. సెంటర్‌కు ఉండాల్సినంత ఒడ్డూపొడుగూ లేదన్నారు. ఆ లోటు కసరత్తుతో పూడ్చుకున్నాడు. ఉక్కు కర్మాగారాల ఊరు అది. గడ్డకట్టే చలిలో కూడా చొక్కా చేతులు పైకి మడిచి, వట్టి చేతులతో మైదానంలోకి దిగే ఈ మనిషిలో ఆ ఊరు తన కార్మికుణ్ణి చూసుకుంది. ‘ఐరన్ మైక్’ అని పిలుచుకుంది. పిట్స్‌బర్గ్‌కు 15 సీజన్లు, 220 మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో 177 మ్యాచ్‌లు ఒక్కటి కూడా వదలకుండా వరసగా ఆడినవి. నాలుగు సూపర్‌బౌల్ విజయాలు. ఆ తర్వాత కాన్సస్ సిటీలో మరో రెండు సీజన్లు. మొత్తం 17 ఏళ్ళు.

ఆ 177 అన్న అంకెను ఒకప్పుడు నేనూ మెచ్చుకోలుగానే చదివాను. ఇప్పుడు చదివితే వేరేలా కనిపిస్తుంది. అతను ఆడిన తొలి ఏళ్ళలో ఎదుటివాడు హెల్మెట్ మీద అరచేత్తో బలంగా చరచడం నియమాలకు లోబడిన పనే. ‘హెడ్ స్లాప్’ అనేవారు. 1977లో గానీ దాన్ని నిషేధించలేదు. తల దిమ్మెక్కి కళ్ళు బైర్లు కమ్మితే ‘గంట మోగింది’ అని ఆటగాళ్ళు తమలో తాము నవ్వుకునేవారు. మోగిన గంట ఆగితే చాలు, మళ్ళీ వరసలోకి.

1990 సీజన్‌తో ఆట ముగిసింది. అప్పటికి అతనికింకా నలభై నిండలేదు.

తర్వాతి పన్నెండేళ్ళ కథ చెప్పడం కష్టం. పెట్టుబడులు పోయాయి, పెళ్ళి విడిపోయింది. ఇంటికి దారి మరిచిపోయేవాడు. కాగితాల మీద పేజీలకు పేజీలు రాసేవాడు, చదివితే పొంతన ఉండేది కాదు. చాలా రాత్రులు తన పికప్ ట్రక్కులో, కొన్నిసార్లు రైల్వేస్టేషన్లో పడుకున్నాడు. ఒళ్ళంతా నొప్పులతో నిద్రపట్టక విద్యుత్ షాకిచ్చే టేజర్ తుపాకీని తన మీద తానే ప్రయోగించుకుని స్పృహతప్పేవాడు. ఊడిన పళ్ళను సూపర్‌గ్లూతో అతికించుకున్నాడు. 1997లో ఓహాయో రాష్ట్రం క్యాంటన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ అతన్ని చేర్చుకున్నప్పుడు వేదిక మీద అతని ప్రసంగం ఒక విషయం నుంచి ఇంకో విషయానికి తెగిపోతూ, తడబడుతూ సాగింది. అభిమానులు చప్పట్లు కొట్టారు. ఆ మనిషికి ఏమయిందో వాళ్ళకు తెలియదు.

తెలిసినవాళ్ళు కొద్దిమంది ఉన్నారు. వాళ్ళ దగ్గరే ఈ భాగానికి పేరిచ్చిన ఉత్తరం మొదలవుతుంది.

వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ అనే చిన్న పట్టణంలో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ అనే వకీలు ఉన్నాడు. వెబ్‌స్టర్ తరఫున ఆయన ఆటగాళ్ళ పింఛను పథకానికి వైకల్య భృతి కోసం దరఖాస్తు పెట్టాడు. ఆ పథకాన్ని నడిపే మండలిలో ఓటున్న సభ్యులు ఆరుగురు. ముగ్గుర్ని జట్ల యజమానులు, ముగ్గుర్ని ఆటగాళ్ళ సంఘం నియమిస్తారు. వెబ్‌స్టర్‌ను పరీక్షించిన వైద్యులు తలకు తగిలిన దెబ్బల వల్లే మెదడు చెడిందన్నారు. మండలి తరఫున పరీక్షించిన నరాల వైద్యుడు కూడా వాళ్ళతో ఏకీభవించాడు. 1999లో మండలి అతన్ని శాశ్వతంగా, సంపూర్ణంగా వైకల్యం పొందినవాడిగా గుర్తించింది. 2000 మే నెలలో పథకం అధికారి వకీలుకు రాసిన ఉత్తరంలో కారణం కూడా స్పష్టంగా ఉంది: స్టీలర్స్‌కూ కాన్సస్ సిటీ చీఫ్స్‌కూ ఆడినప్పుడు తలకు తగిలిన దెబ్బల ఫలితమే ఈ వైకల్యమని వైద్య నివేదికలు చూపుతున్నాయని.

ఇక తగువేమిటి? తేదీ. ఆట మానిన 1991 నాటికే అతను పనికి చేతకానివాడయ్యాడా, 1996లో అయ్యాడా అన్నది. మొదటిదైతే భృతి ఎక్కువ, రెండోదైతే తక్కువ. మండలి రెండోదే అంది. వకీలు వదల్లేదు. గమనించవలసింది ఇదే. వాదన ‘ఎప్పుడు’ మీద జరిగింది. ‘ఎందుకు’ మీద జరగలేదు. ఆట మెదడును చెడగొట్టిందన్న మాట ఆ గదిలో ఉన్న ఏ పక్షానికీ కొత్తగా వినిపించలేదు.

ఇంచుమించు ఆ కాలంలోనే మరో గదిలో మరో పని జరుగుతోంది. 1994లో కమిషనర్ పాల్ టాగ్లియబూ ఎన్‌ఎఫ్‌ఎల్ తరఫున ఒక వైద్య సంఘాన్ని వేశాడు. దాని పేరులోనే తలగాయానికి ‘స్వల్ప’ అన్న విశేషణం తగిలించారు. అధ్యక్షుడు ఎలియట్ పెల్మన్, న్యూయార్క్ జెట్స్ జట్టు వైద్యుడు. ఆయన నైపుణ్యం కీళ్ళవాతంలో, మెదడులో కాదు. 2003 నుంచి ఈ సంఘం ‘న్యూరోసర్జరీ’ పత్రికలో పదికి పైగా వ్యాసాలు అచ్చువేసింది. పదేపదే కన్‌కషన్లు (మెదడు అదిరే దెబ్బలు) తగిలినా దీర్ఘకాలిక నష్టం పోగుపడుతున్నట్టు ఆధారం లేదని ఒక వ్యాసం తేల్చింది. దెబ్బ తగిలినవాణ్ణి అదే మ్యాచ్‌లో మళ్ళీ ఆడించినా చెప్పుకోదగ్గ ముప్పు లేదని 2005లో ఇంకొకటి తేల్చింది. ఆ పత్రిక సంపాదకుడు న్యూయార్క్ జెయింట్స్ జట్టుకు సలహాదారుగా కూడా పనిచేసినవాడు.

రెండు గదుల మధ్య గోడ ఉంది నిజమే. పింఛను మండలి తమ చేతి కిందది కాదని, స్వతంత్రమైనదని లీగు తర్వాతి రోజుల్లో వాదించింది. నా మటుకు నాకు ఆ వాదన నిలవదు. సగం కుర్చీలు యజమానుల మనుషులవి. ఒక ఆటగాడి మెదడు ఆట వల్లే పాడయిందని వాళ్ళ ముందున్న కాగితం చెబుతుంటే, అది వేలమంది ఆటగాళ్ళకూ వాళ్ళ తల్లిదండ్రులకూ చేరవలసిన కబురు. ఆ కబురు వీలింగ్‌లో ఓ వకీలు ఫైలు దాటలేదు.

2002 సెప్టెంబరు 24న మైక్ వెబ్‌స్టర్ గుండెపోటుతో చనిపోయాడు. వయసు 50.

శవం పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘెనీ కౌంటీ కరోనర్ ఆఫీసుకు వచ్చింది. పెద్ద అధికారి సిరిల్ వెక్ట్, అమెరికాలో పేరుమోసిన శవపరీక్షల నిపుణుడు. ఆ వారాంతం డ్యూటీలో ఉన్నది ఆయన దగ్గర పనిచేసే కుర్ర వైద్యుడు బెన్నెట్ ఒమలు. నైజీరియాలో, బయాఫ్రా యుద్ధం నడుస్తుండగా 1968లో పుట్టినవాడు. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి ఆయనకు తెలిసింది బహు తక్కువ. ఐరన్ మైక్ ఎవరో కూడా తెలియదు. పిట్స్‌బర్గ్‌లో పుట్టి పెరిగిన వైద్యుడైతే బల్ల మీద దేవుణ్ణి చూసి ఉండేవాడేమో, ఒమలు రోగిని చూశాడు. టీవీలో ఆ మనిషి చివరి రోజుల దైన్యం గురించి విన్నాడు. యాభై ఏళ్ళకే ఇంతగా మతి చెదిరితే మెదడులో ఏదో ఉండాలనుకున్నాడు.

పుర్రె తెరిస్తే మెదడు మామూలుగానే కనిపించింది. ముడుచుకుపోలేదు, గాయపు గుర్తులు లేవు. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగేవారు, ఎందుకంటే చావుకు కారణం గుండె అని తేలిపోయింది. ఒమలు మెదడును రసాయనంలో భద్రపరచమన్నాడు. తర్వాత పలచటి ముక్కలు కోయించి, రంగులు వేయించి, ఆ ఖర్చు సొంత జేబులోంచి పెట్టుకున్నాడు. సూక్ష్మదర్శిని కింద అప్పుడు కనిపించింది. టావ్ అనే ప్రొటీన్ ముద్దలు ముద్దలుగా, చిక్కుపడ్డ దారాల్లా నరకణాల్లో పేరుకుని ఉంది. టావ్ మామూలుగా నరాల తంతువులకు ఊతంగా ఉండే పదార్థం. తంతువులు పదేపదే సాగి దెబ్బతింటే అది ఊడిపోయి గడ్డలు కడుతుంది, కణం పని మెల్లగా ఆగిపోతుంది. కోపం, మతిమరుపు, నిస్పృహ, పొంతనలేని ఆలోచన అన్నీ ఆ ఆగిపోవడం నుంచే. ఏళ్ళ తరబడి నడిచే వ్యవహారం ఇది. స్కానుల్లో దొరకదు.

ఒక్క దిద్దుబాటు ఇక్కడే చేయాలి. 2015లో విల్ స్మిత్ నటించిన ‘కన్‌కషన్’ సినిమా చూసినవాళ్ళు ఈ జబ్బును, దాని పేరును ఒమలు కొత్తగా కనిపెట్టాడనుకుంటారు. కాదు. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు బాక్సర్లలో తూలుడు, తడబాటు, మతి చెదరడం గమనించి ‘పంచ్ డ్రంక్’ అన్న పేరుతో వ్యాసం రాశాడు. 1973లో ఇంగ్లండ్‌లో కోర్సెలిస్ బృందం 15 మంది బాక్సర్ల మెదళ్ళు కోసి చూసి లోపలి నష్టాన్ని వర్ణించింది. క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, పొట్టిగా సీటీఈ, అన్న మాట కూడా అప్పటికి దశాబ్దాల పాతది. ఒమలు చేసింది దాన్ని ఎవరూ వెతకని చోట వెతకడం. అది చిన్న పని కాదు. కానీ ఈ దిద్దుబాటు లీగును తేలికపరచదు, ఇంకా చిక్కులో పెడుతుంది. తలమీద పదేపదే దెబ్బలు తింటే ఏమవుతుందో బాక్సింగ్ వైద్యులకు 75 ఏళ్ళుగా తెలుసు.

ఒమలు, ఆయన సహచరులు రాసిన వ్యాసం 2005 జులైలో అచ్చయింది. లీగు వైద్యులు రాసే అదే ‘న్యూరోసర్జరీ’లోనే. తన ఆవిష్కరణ చూసి ఎన్‌ఎఫ్‌ఎల్ వైద్యులు సంతోషిస్తారని, ఆటగాళ్ళను కాపాడుకునే దారి దొరికిందనుకుంటారని ఒమలు నిజంగానే నమ్మాడు. జవాబుగా వచ్చింది వ్యాసాన్ని వెనక్కి తీసుకోమన్న డిమాండు. లీగు సంఘంలోని ముగ్గురు వైద్యులు ఇరా కాసన్, పెల్మన్, డేవిడ్ వియానో సంతకాలతో ఆ ఉత్తరం పత్రికలో అచ్చయింది. వైద్యపత్రికల్లో భిన్నాభిప్రాయం సహజం. వెనక్కి తీసుకోమనడం వేరు. మోసమో ఘోరమైన తప్పో జరిగినప్పుడు అడిగే మాట అది.

వ్యాసం వెనక్కి పోలేదు. పైగా రెండో మెదడు వచ్చింది. టెరీ లాంగ్ కూడా స్టీలర్స్ ఆటగాడే, వెబ్‌స్టర్ పక్కన వరసలో నిలబడ్డవాడు. 2005 జూన్‌లో కారు ఇంజనులో పోసే యాంటీఫ్రీజ్ తాగి 45వ ఏట చనిపోయాడు. అతని మెదడులోనూ అవే చిక్కులు. 2006 నవంబరులో ఆ వ్యాసం అచ్చయ్యే వేళకు ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు ఆడిన ఆండ్రే వాటర్స్ 44వ ఏట తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. మూడో మెదడు. 2007 జూన్‌లో చికాగో శివారులో లీగు జట్ల వైద్యులందర్నీ పిలిచి సదస్సు పెట్టింది. ఒమలుకు పిలుపు రాలేదు. ఆయన చూసినవాటిని నాడీశస్త్ర వైద్యుడు జూలియన్ బెయిల్స్ ఆ సభకు చెప్పాల్సివచ్చింది. బెయిల్స్ ఒకప్పటి స్టీలర్స్ వైద్యుడు, వెబ్‌స్టర్‌ను ఎరిగినవాడు.

ఈలోగా ఆ తేదీ తగువు ఏమయింది? వెబ్‌స్టర్ పోయాక కూడా ఫిట్జ్‌సిమన్స్ దాన్ని విడిచిపెట్టలేదు. చివరి ఏళ్ళలో వెబ్‌స్టర్‌ను కనిపెట్టుకుని ఉన్న ఒక అభిమాని, ఓ చిన్న కొట్టు నడుపుకునే మనిషి, వెబ్‌స్టర్ ఆస్తికి నిర్వాహకుడుగా వాది అయ్యాడు. 2005లో బాల్టిమోర్ ఫెడరల్ కోర్టు వాళ్ళవైపు తీర్పు చెప్పింది. 2006 డిసెంబరులో పై కోర్టు దాన్ని ఖాయం చేసింది. పది లక్షల డాలర్లకు పైగా బకాయి కుటుంబానికి వచ్చింది. ట్రక్కులో పడుకున్న మనిషికి మాత్రం అందలేదు.

ఒమలు మొదలుపెట్టిన పని తర్వాత బోస్టన్ యూనివర్సిటీలో ఆన్ మెకీ చేతికి వెళ్ళి విస్తరించింది. 2017లో ఆమె బృందం ప్రకటించిన లెక్క ప్రపంచమంతా పాకింది: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడిన 111 మంది మెదళ్ళు పరీక్షిస్తే 110లో సీటీఈ ఉంది. దీన్ని నూటికి 99 మంది ఆటగాళ్ళకు జబ్బుందని చదవకూడదు. ఏదో తేడా కనబడ్డ మనిషి మెదడునే కుటుంబం దానం చేస్తుంది కాబట్టి ఆ 111 ఎంపిక కూడా అటువైపే మొగ్గి ఉంటుంది. మెకీ బృందమే ఈ మాట చెప్పింది. ఎన్నో వంతు ఆటగాళ్ళకు వస్తుందో ఆ లెక్కలోంచి తేల్చలేం. కానీ అరుదైన జబ్బైతే 110 దొరకవు.

అంతకు ముందే కాంగ్రెస్ కదిలింది. 2009 అక్టోబరు 28న ప్రతినిధుల సభ న్యాయ సంఘం ముందు టాగ్లియబూ తర్వాత కమిషనర్ అయిన రోజర్ గుడెల్ కూర్చున్నాడు. ఆటకూ మెదడు జబ్బుకూ సంబంధం ఉందా అంటే అది వైద్యులు తేల్చవలసిందన్నాడు. సిగరెట్ కంపెనీలు కూడా ఒకప్పుడు ఇలాగే పొగకూ జబ్బుకూ సంబంధం లేదన్నాయని కాలిఫోర్నియా సభ్యురాలు లిండా సాంచెజ్ ఆయనకు గుర్తుచేసింది. ఆ పోలిక లీగుకు గుచ్చుకుంది. నెల తిరక్కుండానే లీగు వైద్య సంఘానికి అప్పటి ఉమ్మడి అధ్యక్షులు కాసన్, వియానో తప్పుకున్నారు. కన్‌కషన్ లక్షణాలున్న ఆటగాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడించకూడదన్న నియమం ఆ డిసెంబరులో వచ్చింది. తర్వాత మైదానం పక్కన ఏ జట్టుకూ చెందని నాడీ వైద్యులొచ్చారు. సీజన్లో పూర్తి కవచాలతో చేసే సాధన 14 సార్లకు పరిమితమైంది. ఇవి నిజమైన మార్పులు, వీటివల్ల ఇప్పటి కుర్రాళ్ళు కొన్ని దెబ్బలు తక్కువ తింటున్నారు. ఈ మాటను నేను తక్కువ చేయను. పదేళ్ళ ముందు రావలసినవి అని మాత్రం అంటాను.

ఆ పదేళ్ళలో పడ్డ దెబ్బలు మాత్రం అప్పటికే తలల్లోకి చేరిపోయాయి. డేవ్ డ్యుఅర్సన్ 1985 సీజన్ చికాగో బేర్స్ వీరుడు. వెబ్‌స్టర్ దరఖాస్తు చూసిన అదే పింఛను మండలిలో, తర్వాతి ఏళ్ళలో ఆటగాళ్ళ ప్రతినిధిగా కూర్చున్నాడు. మతి చెదిరిన పాత ఆటగాళ్ళ ఫైళ్ళు అతని చేతుల మీదుగా నడిచాయి. ఆటకూ మతిమరుపుకూ ఉన్న సంబంధం మీద 2007లో సెనేట్ సంఘం ముందు సందేహం కూడా వెలిబుచ్చాడు. 2011 ఫిబ్రవరి 17న తుపాకీని తలకు కాక గుండెకు పెట్టుకుని కాల్చుకున్నాడు. తన మెదడును పరీక్షకు ఇవ్వమని రాసిపెట్టి వెళ్ళాడు. ఇచ్చారు. సీటీఈ ఉంది. మరుసటి ఏడాది మే 2న మరో మాజీ ఆటగాడు జూనియర్ సావ్ కూడా గుండెల్లోనే కాల్చుకున్నాడు. వయసు 43. అతనిలోనూ ఉంది.

వీలింగ్ ఫైలులోని ఆ ఉత్తరం 2012 నవంబరులో విలేకరుల చేతికి చిక్కి బయటపడింది. అప్పటికి వేలమంది మాజీ ఆటగాళ్ళు లీగు మీద దావా వేసి ఉన్నారు. ఆ దావా, ఫిలడెల్ఫియాలో న్యాయమూర్తి అనితా బ్రోడీ ముందు నడిచిన బేరం, నల్లజాతి ఆటగాళ్ళ మెదడు సామర్థ్యాన్ని ముందే తక్కువగా లెక్కగట్టిన ఆ సిగ్గుమాలిన కొలమానం – ఇవన్నీ వచ్చే సంచికలో.

2016 మార్చి 14న వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యురాలు జాన్ షకోవ్‌స్కీ అడిగిన ప్రశ్నకు లీగు ఆరోగ్య, భద్రతా వ్యవహారాల పెద్ద జెఫ్ మిల్లర్ అవునని జవాబిచ్చాడు: ఫుట్‌బాల్‌కూ సీటీఈ లాంటి మెదడు జబ్బులకూ సంబంధం ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఉన్నతాధికారి ఒకరు ఈ మాట బహిరంగంగా ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఫిట్జ్‌సిమన్స్‌కు ఆ ఉత్తరం వచ్చి అప్పటికి రెండు నెలలు తక్కువ 16 ఏళ్ళు.

(సశేషం)